ఎండాకాలపు కొలువు

రమణమ్మ ఉద్యోగం ఏడాదికి రెండున్నర నెలలే. ఏప్రిల్ రెండో వారంలో ఎండలు ముదరగానే పిలిచేవాళ్ళు. జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు ఇక చాలు పొమ్మనేవాళ్ళు. రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువు దాపున ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. నలభై మంచాలు, పెంకుల వరండా, ఎత్తయిన కిటికీలు. వేసవి వస్తే ఆ కిటికీలకూ గుమ్మాలకూ వట్టివేళ్ళ తడికెలు కట్టేవాళ్ళు. పొద్దుటి నుంచి పొద్దుగుంకేదాకా ఆ తడికెల మీద నీళ్ళు చల్లుతూ ఉండడమే ఆమె పని. తడికె ఆరిందంటే వార్డులోకి వడగాలి వచ్చేస్తుంది. అందుకని ఆమె ఒకచోట కూర్చోవడానికి ఉండేది కాదు.

ఆ కొలువు దొరికిన తీరు తలుచుకోదగ్గది కాదు. ఆమెది టెక్కలి పక్క పల్లె. 1961లో, పదిహేడో ఏట, భీమారావును చేసుకుని రాయ్‌పూర్ వచ్చింది. అతను రైల్వే గూడ్సు షెడ్డులో బస్తాలు దించే కలాసీ. 1966 మే నెలలో, వరసగా రెండో కరువు ఏడు, రాయ్‌పూర్‌కు దగ్గరే ఉన్న తిల్దా స్టేషన్లో ధాన్యం వ్యాగన్లు దించుతూ మిట్టమధ్యాహ్నం పడిపోయాడు. తోటివాళ్ళు మధ్యాహ్నం బండిలో వేసుకొచ్చి, తెలుగు నర్సులుంటారు కదా అని మిషన్ ఆసుపత్రికే మోసుకొచ్చారు. తెనాలి వైపు నుంచి వచ్చిన సారమ్మ అనే నర్సు అతనికి తడి దుప్పట్లు చుట్టింది, చంకల్లో ఐసు గడ్డలు పెట్టింది, గంటన్నర సేపు విసిరింది. దీపాలు పెట్టేవేళకి అతను పోయాడు. రమణమ్మ చంకలో రెండేళ్ళ కూతురు చిన్నమ్మ ఉంది.

సారమ్మ ఓదార్పు మాటలు చెప్పే మనిషి కాదు. పదకొండు రోజులు గడిచాక కబురు పంపి, తడికెలకు నీళ్ళు కొట్టే మనిషి మానేశాడు, చేస్తావా అని అడిగింది. రమణమ్మ చేస్తానంది. మొగుణ్ణి తీసుకుపోయిన ఎండే తనకు అన్నం పెడుతోందన్న సంగతి ఆమెకు మొదటి రోజే తెలుసు. ఆ మాట ఎవరి దగ్గరా అనలేదు. వానలు తగ్గినప్పటి నుంచి చలికాలం దాకా తిల్దా రైసుమిల్లులో వడ్లు ఆరబోసే పనికి పోయేది. ఏప్రిల్ వచ్చేసరికి కూతుర్ని తీసుకుని మళ్ళీ నర్సుల క్వార్టర్ల వెనక ఉన్న రేకుల గదికి చేరేది.

ఆసుపత్రికీ చెరువుకీ మధ్య పదకొండు తెల్లమద్ది చెట్లుండేవి. ఆ ఊరివాళ్ళు కౌహా చెట్లంటారు. వాటి నిండా గబ్బిలాలు. కాకి కంటే పెద్దవి, ఎర్రటి బొచ్చు మెడలు, కుక్కపిల్లకుండేలాంటి మూతులు. పగలంతా నల్ల గుడ్డలు ఆరేసినట్టు తలకిందులుగా వేలాడేవి, వాటిలో అవి పోట్లాడుకునేవి. వెయ్యికి తక్కువ ఉండేవి కావు. మొదటి ఏడు ఆ కంపుకు రమణమ్మకు అన్నం సహించలేదు. రెండో ఏటికి కంపు ఉన్న సంగతే మరిచిపోయింది.

ఆమెది నీళ్ళ పని, నీళ్ళ బావి చెట్ల కింద. రోజుకు వంద సార్లయినా చేద లాగుతూ తలెత్తితే అవే కనపడేవి. అలా చూడగా చూడగా ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఎండ మామూలుగా ఉన్న రోజున గబ్బిలాలు పదకొండు దాటాక గాని రెక్కలు విసురుకోవు. పదికే విసురుకుంటే ఆ రోజు ఎండ చెడ్డది. విసురుకోవడం చాలకపోతే మోచేతులూ రొమ్మూ నాకి తడి చేసుకుంటాయి. అదీ చాలకపోతే పై కొమ్మలు వదిలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ నీడ దట్టంగా ఉన్న కింది కొమ్మలకు దిగుతాయి. అవి దిగిన రోజున సాయంత్రానికి ఆసుపత్రికి వడదెబ్బ కేసులు వచ్చి తీరేవి.

ఒకరోజు పొద్దున్నే ఆమె సారమ్మ దగ్గరికి వెళ్ళి, “సిస్టరమ్మా, ఈయేల తడికెలు రెండింతలు తడపాల. ఐసు కూడా తెప్పించుకోండి. గబ్బిలాలు అప్పుడే ఇసురుకుంతన్నాయి” అంది.

సారమ్మ నవ్వలేదు గాని, నమ్మినట్టూ కనపడలేదు. ఆ సాయంత్రం ఏడుగురిని మోసుకొచ్చారు. అప్పటినుంచి వేసవిలో డ్యూటీ ఎక్కేటప్పుడు సారమ్మ వార్డు గోడకున్న థర్మామీటరు చూసి, తర్వాత వరండాలోకి వచ్చి రమణమ్మ వైపు చూసేది. రమణమ్మ తల ఊపితే ఐసు ఫ్యాక్టరీకి మనిషిని పంపేది. ఇరవై ఏళ్ళలో ఈ లెక్క నాలుగైదు సార్లే తప్పింది.

సాయంత్రం సూర్యుడు కుంగగానే గబ్బిలాలు లేచేవి. లేచి, తిన్నగా చెరువు మీదికి పోయి, పొట్ట నీళ్ళకు తగిలేలా ఒక్క వేటున దూసుకుపోయి పైకి లేచేవి. తడిసిన బొచ్చు నాక్కోవడమే వాటి నీళ్ళు తాగడం. ఆ తరవాత ఇప్పపూలకో, మర్రిపళ్ళకో, నేరేళ్ళకో తలో దిక్కుకూ పోయేవి. పసి చిన్నమ్మ ఆ వేళకు గట్టు మీద కూర్చుని, ఎన్ని తడిశాయో లెక్కపెట్టబోయి తికమక పడేది.

చెట్లు ఒక్కసారిగా పోలేదు. 1975లో చెరువు ఒడ్డున మట్టి పోసి, ప్లాట్లు వేసి, నాలుగు చెట్లు కొట్టారు. అక్కడి గబ్బిలాల్లో కొన్ని ఎటో పోయాయి, మిగతావి ఉన్న చెట్లలోనే సర్దుకున్నాయి. 1984లో రోడ్డు వెడల్పు చేస్తూ ఇంకో నాలుగు పడగొట్టారు. మిగిలినవి మూడు. చుట్టూ చెట్లు పోయాక ఆ మూడింటికీ గాలి తగలడం, ఎండ తగలడం ఎక్కువైంది. ఆకు పలచబడింది. తాగి వెళ్ళే చెరువు కూడా ఏటికేడు కుంచించుకుపోయింది. ఒక పక్క ఇళ్ళ మురికి, ఒక పక్క గుర్రపుడెక్క. మే నెలలో నడిమధ్య ఒక మడుగు మాత్రం మిగిలేది. గబ్బిలాలు పొట్ట తడుపుకోబోయి గుర్రపుడెక్కలో చిక్కుకుని కొట్టుకోవడం రమణమ్మ రెండు మూడు సార్లు చూసింది.

ఆసుపత్రిలోనూ మార్పులొచ్చాయి. బావి ఎండిపోయి బోరు వేశారు. వట్టివేళ్ళ తడికెలు పోయి ఇనప రేకుల కూలర్లు వచ్చాయి. ఇప్పుడు రమణమ్మ పని బకెట్లతో కూలర్ల తొట్టెలు నింపడం. సారమ్మ మేట్రను అయింది. చిన్నమ్మకు పెళ్ళయింది. అల్లుడు ఊరి శివారున ఉర్లా ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనివాడు, కాపురం బీర్‌గావ్‌లో. కొలువు మాత్రం పెరిగింది. మార్చి ఆఖరుకే పిలిచేవాళ్ళు, జూన్ నెలాఖరుకు కూడా పొమ్మనేవాళ్ళు కాదు.

1988 మే నెల అందరికీ గుర్తున్న నెల. ఇరవై రోజులుగా ఒక్క మబ్బు లేదు. బోరు మోటారు పొద్దున ఒక గంట నీళ్ళిచ్చి తర్వాత గాలి కక్కేది. ఆసుపత్రి వెనక సిమెంటు తొట్టిలో పట్టి ఉంచిన నీళ్ళూ, మధ్యాహ్నం వచ్చే టాంకరూ, ఈ రెండే ఆధారం. తొట్టిలోని నీళ్ళు రోగులకు తప్ప వేరేదానికి ముట్టుకోకూడదని సారమ్మ గట్టిగా చెప్పి ఉంచింది. స్నానాలు మానేశారు. డాక్టరుగారింటికి కూడా లెక్క ప్రకారం రెండు బకెట్లే.

ఆ రోజు గురువారం. రమణమ్మ పొద్దున ఎనిమిదింటికి తొట్టి దగ్గరికి వచ్చేసరికే గబ్బిలాలు విసురుకుంటున్నాయి. ఎనిమిదింటికి విసురుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. లోపలికి పోయి సారమ్మకు చెప్పింది. సారమ్మ అప్పటికే ఐసుకు మనిషిని పంపింది, ఐసు లేదని అతను తిరిగి వచ్చాడు. పదింటికి ముగ్గుర్ని మోసుకొచ్చారు. సారమ్మ వాళ్ళ పనిలో పడిపోయింది.

జనరల్ వార్డులో కిటికీ పక్క మంచం మీద బంగారయ్య ఉండేవాడు. విజయనగరం వైపు మనిషి. తిల్దా దగ్గర రైల్వే గేటు కాపలా కాసి రిటైరైన ముసలాయన. గుండె నీరసం, కాళ్ళ వాపులు. మూడు వారాలుగా ఉన్నాడు. కూలరు సరిగ్గా ఆయన మంచం తలాపునే. రమణమ్మ నీళ్ళు పోయడానికి వెళ్ళినప్పుడల్లా ఊరి కబుర్లు చెప్పించుకునేవాడు. ఆ కిటికీలోంచి మద్ది చెట్లు కనపడతాయి.

పదకొండున్నరకు ఆమె కూలర్లన్నీ నింపి బయటికి వచ్చింది. గబ్బిలాలన్నీ కిందికి దిగి ఉన్నాయి. కొమ్మల మీద కాదు, మాను మీద. ఒకదాని మీద ఒకటి ఎక్కి, మనిషి చేతికందే ఎత్తులో, మానంతా నల్లగా ముద్దగా కదులుతోంది. నోళ్ళు తెరిచి ఎగరొప్పుతున్నాయి. ఆమె దగ్గరికి పోయినా అవి జడవలేదు. అప్పుడు మాను పైభాగం నుంచి ఒకటి పట్టు వదిలింది. తడి గుడ్డ పడ్డ చప్పుడైంది. అది తల్లి. దాని రొమ్ముకు పిల్ల కరుచుకుని ఉంది. తల్లి కదల్లేదు, పిల్ల కదిలింది. ఆమె చూస్తుండగానే ఇంకొకటి, ఇంకా రెండు. తర్వాత లెక్క తెలియలేదు.

వార్డు వరండాలో గోడకు మంటలార్పే చేతిపంపు ఒకటి వేలాడుతూ ఉండేది. బకెట్లో పెట్టి కొడితే నీళ్ళు రెండు నిలువుల ఎత్తు పోతాయి. రమణమ్మ దాన్ని దించింది. దించి, అక్కడే నిలబడిపోయింది. తొట్టిలో ఎన్ని నీళ్ళున్నాయో ఆమెకు తెలుసు. మోకాటి లోతు. కూలర్లు ఇంకో మారు నింపడానికి సరిపోతాయి. పన్నెండుకు టాంకరు రావాలి, రోజూ వస్తోంది. కిటికీలోంచి బంగారయ్య అంతా చూస్తున్నాడు. మంచం మీద లేచి కూర్చుని, కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

“అలా సూత్తావేటమ్మా, కొట్టు ఆటి మొకాన నాలుగు నీల్లు” అన్నాడు.

“తొట్టిలో నీల్లు మీకే బాబూ. మేట్రనమ్మ సంపేత్తాది.”

“నా కూలరు డబ్బా నిండుగుంది. నాకు ఠండాగానే ఉంది. టాంకర్ వచ్చేత్తాది గదా. ఎల్లు.”

ఆమె వెళ్ళింది. ఊడ్చే పని చేసే చైత్‌రామ్ పంపు కొట్టాడు, ఆమె గొట్టం పట్టుకుంది. నీళ్ళు తగిలిన చోటల్లా ఆ ముద్ద విడిపోయింది. తలలు పైకెత్తి, ఒకదాని బొచ్చు మీది నీళ్ళు ఇంకొకటి నాక్కున్నాయి. తడిసినవి పడలేదు. ఎదుటి చెట్టు మీంచి మాత్రం పడుతూనే ఉన్నాయి. ఒక బకెట్ అనుకున్నది రెండైంది, నాలుగైంది. మూడు చెట్లకూ సరిపోవని తెలిసి, ఒక్క చెట్టునే పట్టుకున్నారు. మొత్తం తొమ్మిది బకెట్లు. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది, టాంకరు రాలేదు. మధ్యలో ఒకసారి ఆమె తొట్టిలోకి తొంగి చూసింది. అడుగున పాచి కనపడుతోంది. ఇంకో బకెట్ పోసి ఆపేద్దామనుకుంది. పోసింది. ఆపలేదు.

ఆమె వార్డులోకి తిరిగి వచ్చేసరికి మూడు కావస్తోంది. తడి చీరతో ఆ తలుపులో అడుగుపెట్టగానే మొహానికి కొలిమి సెగ కొట్టింది. కూలర్లు తిరుగుతూనే ఉన్నాయి, నీళ్ళు లేవు. పొడి గడ్డిలోంచి బయటి వడగాలిని లాగి లోపలికి ఊదుతున్నాయి. బంగారయ్య తలాపునున్నదీ అంతే. ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఆమెను పోల్చుకోలేదు. ఒళ్ళు కాలుతోంది. రమణమ్మ కూలరు స్విచ్చి ఆర్పి, తన చీర చెంగు ఆయన ఛాతీ మీద పరిచి, సారమ్మను పిలుస్తూ పరిగెత్తింది. సారమ్మ వచ్చింది, డాక్టరు వచ్చాడు. తాగడానికని దాచిన కుండలో నీళ్ళు తెచ్చి ఒళ్ళు తుడిచారు. నాలుగుంపావుకు ఆయన పోయాడు. టాంకరు ఆరింటికి వచ్చింది.

ఆ రోజు పొద్దున మోసుకొచ్చిన ముగ్గురిలోనూ ఒకరు పోయారు. అందుకని బంగారయ్య చావు విడిగా ఎవరికీ తోచలేదు. గుండె అంత పాడై ఉంది, ఏ రోజైనా పోయేవాడే అన్నాడు డాక్టరు. సారమ్మ మాత్రం టాంకరు వెళ్ళిపోయాక రమణమ్మను సామాను గదిలోకి పిలిచి తలుపు మూసింది.

“ఆ కూలరు ఎప్పుడు ఎండింది?”

“రెండింటికి ఉండొచ్చమ్మా.”

“నువ్వెక్కడున్నావు?”

“సెట్టు కింద.” రమణమ్మ మళ్ళీ, “ఆయనే ఎల్లమన్నాడమ్మా. నా డబ్బా నిండుగుంది, ఎల్లమన్నాడు” అంది.

సారమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “తొట్టిలో నీళ్ళెన్ని ఉన్నాయో ఆయనకు తెలియదు, రమణా. నీకు తెలుసు” అంది. రిజిస్టరులో గుండె ఆగి అని రాసింది. ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. కాని ఆ రోజు తరవాత ఆమెను రమణా అని పిలవలేదు. రమణమ్మ అనే పిలిచింది.

మర్నాడు పొద్దున చెట్ల కింద అడుగు పెట్టడానికి లేకపోయింది. చైత్‌రామ్ బుట్టలతో ఎత్తి, చెరువు గట్టు కింద గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చాడు. నాలుగు వందలకు దగ్గరుంటాయన్నాడు. కాకులూ గద్దలూ కుక్కలూ తీసుకుపోయినవి వేరు. రోడ్డు మీద జనం మూగి, ముక్కులు మూసుకుని చూశారు. ఏదో రోగం వచ్చి చచ్చాయని ఎవరో అంటే, ఇద్దరు ముగ్గురు తమ రోగులను మంచాలతో సహా ఎత్తుకుపోయారు. చచ్చిన తల్లుల రొమ్ములకు అంటుకుని పదకొండు పిల్లలు బతికి దొరికాయి. నర్సమ్మాయిలు వాటిని అట్టపెట్టెలో వేసి, దూది ముంచి పాలు పట్టారు. రమణమ్మ ఆ పెట్టె వైపు వెళ్ళలేదు. నాలుగో రోజుకు అన్నీ పోయాయి.

నీళ్ళు కొట్టిన చెట్టు మీద డెబ్భై దాకా మిగిలాయి.

బంగారయ్య కొడుకు చిన్నారావు శుక్రవారం పొద్దున తిల్దా నుంచి వచ్చాడు. తండ్రి లాగే అతనూ గేట్‌మన్. శవాన్ని రిక్షాలో ఎక్కించాక వెతుక్కుంటూ రమణమ్మ దగ్గరికి వచ్చి, మా నాయన నీ మాట చెప్పేవాడమ్మా, సొంత మనిషిలా చూసుకుంటుంది అనేవాడు, నీ మేలు మరిచిపోనన్నాడు. చేతులు జోడించాడు. రమణమ్మ కూడా చేతులు జోడించింది.

ఆ తరవాత కూడా ప్రతి ఏడూ ఆమెకు పిలుపు వచ్చింది, ఆమె వెళ్ళింది. మునుపటి కంటే ఒళ్ళు వంచి చేసింది. కూలరు తొట్టెల్లో గంటకోసారి చెయ్యి పెట్టి చూసేది. సారమ్మకు గబ్బిలాల కబురు చెప్పడం మానేసింది. సారమ్మ అడగడమూ మానేసింది. రేడియోలో ఎండ ఎంతో చెబుతున్నారు కదా అనుకున్నారు ఇద్దరూ.

డెబ్భై గబ్బిలాలు మళ్ళీ వెయ్యి కాలేదు. అవి ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. ఆ పిల్ల కూడా సరిగ్గా ఎండలు ముదిరే వేళకే తల్లి రొమ్ము మీద ఉంటుంది. 1991 వేసవిలో ఇరవై పడిపోయాయి. మరుసటేడు ఒక చెట్టు కొమ్మ విరిగి ఒక స్కూటరు మీద పడితే ఆ చెట్టూ, దాని పక్కదీ కొట్టేశారు. మిగిలిన ఒక్క చెట్టూ పై కొమ్మల నుంచి ఎండడం మొదలుపెట్టింది. దాని కింద దుకాణాలవాళ్ళు కంపు భరించలేక సాయంత్రాల్లో టపాకాయలు పేల్చేవాళ్ళు. 1994లో సారమ్మ రిటైరై తెనాలి వెళ్ళిపోయింది. వెళ్ళే రోజున నర్సులందరికీ ఏదో ఒకటి ఇచ్చింది. రమణమ్మకు తన గొడుగు ఇచ్చి, ఎండలో తిరుగుతావు కదా అంది. రిక్షావాడు తొందర పెట్టాడు.

1997 మార్చిలో రమణమ్మ బీర్‌గావ్ నుంచి వచ్చి పనిలో చేరేసరికి ఆ చెట్టు బోసిగా ఉంది. ఎప్పటినుంచి లేవని చైత్‌రామ్‌ను అడిగింది. దీపావళి తరవాత కనపడలేదన్నాడు. ఎటు పోయాయన్నది అతనికి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆమె ఆ వేసవంతా ఎవరిని చూసినా అడిగింది. చిన్నమ్మ మొగుణ్ణి, టాంకరు డ్రైవర్ని, ఇప్పపూలు అమ్ముకోవడానికి వచ్చే పల్లె ఆడవాళ్ళని. ఫలానా తోపులో ఉన్నాయట అని ఒకరంటే ఆదివారం బస్సెక్కి పోయి చూసింది. తోపు లేదు, ఇటుక బట్టీ ఉంది. ఆ ఏడు వాన జులై మొదటి వారం దాకా రాలేదు. ఆమె కొలువు మూడున్నర నెలలు సాగింది.

డిసెంబరులో తిల్దా మిల్లుకు పోయింది. మిల్లుకూ స్టేషనుకూ మధ్య రైల్వే గేటు ఉంది. చిన్నారావు డ్యూటీ ఆ గేటు దగ్గరే. తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ గేటు దాటేటప్పుడు ముసుగు లాక్కుని, ఆడవాళ్ళ గుంపులో కలిసి దాటేది. ఆ రోజు గేటు వేసి ఉంది, గూడ్సు బండి వస్తోంది. గుంపు ఆగింది. ఆమె గుంపులోంచి విడివడి, గేటు పక్క అతను కూర్చునే గుమటీ గది దగ్గరికి పోయి నిలబడింది. అతను గుర్తుపట్టి స్టూలు వేశాడు. ఆమె కూర్చోలేదు.

నిలబడే చెప్పింది. తొట్టిలో మోకాటి లోతు నీళ్ళని, తొమ్మిది బకెట్లని, మధ్యలో అడుగు చూసి కూడా ఆపలేదని. ఆయన వెళ్ళమన్న మాట మాత్రం చెప్పలేదు. అది చెబితే తన తప్పు ఆయన మీద వేసినట్టవుతుందనుకుంది. గూడ్సు బండి వచ్చింది. యాభై పైచిలుకు వ్యాగన్లు. అంతసేపూ అతను జెండా పట్టుకుని బండి వైపే చూస్తున్నాడు.

బండి పోయాక అన్నాడు, “బుధవారం నాడే రావాల నాను. ఇంటికి తీసుకెల్లిపోతానని సెప్పాను నాయనకి. ఎండని సూసి, ఎల్లుండి ఎల్దాంలే అనుకున్నాను.”

అతను గేటు తిప్పుడు చక్రం పట్టుకున్నాడు. గేటు లేచింది, ఆగిన లారీలూ సైకిళ్ళూ ఒక్కసారిగా కదిలాయి.

“ఈ మాట నాకెందుకు సెప్పావమ్మా” అన్నాడు, ఆమె వైపు చూడకుండానే. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది. “నీకు బరువు దిగిందేటి?”

“లేదు బాబూ” అంది.

అతను తల ఊపి, గుమటీలోకి పోయి డ్యూటీ పుస్తకంలో బండి పోయిన టైము రాసుకున్నాడు. ఆమె పట్టాలు దాటింది. మిల్లు కళ్ళంలో అప్పటికే వడ్లు పోశారు. మేస్త్రీ ఆలస్యమైందని కేకేశాడు. ఆమె చెప్పులు విడిచి, ఉత్త కాళ్ళతో వడ్లలోకి దిగి, అటు చివరి నుంచి ఇటు చివరికి కాళ్ళతో చాళ్ళు తీయడం మొదలుపెట్టింది.

ఆ తరవాత ఇంకా రెండు వేసవులు ఆసుపత్రిలో పనిచేసింది. 2000 ఏప్రిల్‌లో జనరల్ వార్డుకు ఏసీ మిషన్లు పెట్టారు, నీళ్ళ మనిషి అక్కర్లేదన్నారు. బీర్‌గావ్‌లో కూతురింటి రేకుల వసారాలో ఉండిపోయింది. ఫ్యాక్టరీ పొగకు అక్కడ ఉతికిన బట్ట కూడా నల్లబడుతుంది. చెట్టన్నది లేదు. అక్కడి ఎండ ఎంత ముదిరిందో ముందుగా తెలుసుకునే దారి ఆమెకు లేకపోయింది. మే నెలలో ఒక పగలు వసారాలో కూర్చుని బియ్యం ఏరుతూ ఏరుతూ పక్కకు ఒరిగిపోయింది. చిన్నమ్మ రెండు బిందెల నీళ్ళు ఒంటి మీద పోసి, ఆటోలో వేసుకుని బయలుదేరింది. తెలీబంధా ఆసుపత్రికి పోదామా అంటే దూరమని, ఉర్లాలోనే ఒక నర్సింగ్‌హోమ్‌కు తీసుకుపోయారు.

బతికింది. మాట మాత్రం సరిగ్గా రాలేదు. ఆ తరవాత ఎవరేమడిగినా తల ఊపడమో, చెయ్యి చూపడమో చేసేది. నవంబరులో రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిందని ఊరంతా దీపాలు పెట్టినప్పుడు, చిన్నమ్మ ఆమెను వసారాలోకి తెచ్చి కూర్చోబెట్టింది. మద్ది చెట్టు కింద పేల్చినట్టే వీధంతా టపాకాయలు పేలుతుంటే రమణమ్మ చెవులు మూసుకుని, లోపలికి తీసుకుపొమ్మని సైగ చేసింది.